శ్రీశైలం దారిలో ఒక రోజు ఆగితే: నల్లమల అడవిని చూసి రావడం ఎలా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లలో చాలామంది నల్లమలను నిద్రలోనే దాటేస్తారు. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర కారు ఆగినప్పుడు ఒకసారి కళ్లు తెరుస్తారు, మళ్లీ డ్యామ్ కనిపించాకే లేస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే వెళ్లొచ్చాను. ఒకసారి వటవర్లపల్లి దాటాక టైరు పంక్చరైంది. స్టెప్నీలోనూ గాలి లేదు. గంటన్నర రోడ్డు పక్కన కూర్చున్నాం. ఆ గంటన్నరలో ఒక దుప్పుల గుంపు తీరిగ్గా రోడ్డు దాటింది. ఒక కొండముచ్చు మద్దిచెట్టు మీద కూర్చుని మమ్మల్నే తిడుతున్నట్టు అరిచింది. ఆ రోజు దర్శనం ఆలస్యమైంది గానీ, తర్వాతి ఏడాది నుంచి ఈ అడవి కోసమే విడిగా రెండు రోజులు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

మీరూ అలా ఒకటి రెండు రోజులు పెట్టుకోగలిగితే ఏం చేయాలో వరుసగా చెప్తాను. ముందే ఒక మాట. పులి గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2022 అఖిల భారత గణనలో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 63, తెలంగాణ మొత్తానికి 21 పులులు అంచనా వేశారు. వాటిలో ఎక్కువ భాగం నల్లమలవే. అడవి చూస్తే రెండు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 5,900 చదరపు కిలోమీటర్లు. పైగా కొండలు, లోయలు, వెదురు పొదలు. పులులకు పేరున్న మహారాష్ట్ర తడోబా అడవికి వెళ్లి ఫోన్ నిండా పులి ఫొటోలతో వచ్చిన స్నేహితులు నల్లమలకు వచ్చి "ఏముందిక్కడ, నెమళ్లు తప్ప" అని పెదవి విరిచారు. వాళ్లు పులిని వెతికారు. ఇక్కడ వెతకాల్సింది అది నడిచిన గుర్తుల్ని.

మొదటి అడుగు: ఏ ఒడ్డో తేల్చుకోండి

రెండు ఒడ్డుల మధ్య కృష్ణ లోతైన లోయ కోసుకుని పారుతుంది. 1978లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఉత్తరపు ఒడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. దక్షిణపు ఒడ్డుకు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ అన్న పాత పేరే మిగిలింది. అడవి ఒకటే అయినా ఆఫీసులు రెండు, బుకింగులు రెండు, టికెట్లు రెండు. ఈ ఒడ్డున కొన్న టికెట్ ఆ ఒడ్డున చెల్లదు. జంతువులకు మాత్రం ఈ బాధ లేదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు అమ్రాబాద్ సులువు. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి. అక్కడ రాత్రి ఉండి ఫరహాబాద్ వైపు సఫారీకి వెళ్లొచ్చు. ఫరహాబాద్ ఒకప్పుడు నిజాం వేట విడిది. శిథిలమైన కట్టడాలు ఇంకా ఉన్నాయి. ఆ అంచున నిలబడి చూస్తే కింద కొండలు ఒకదాని వెనక ఒకటి, ఎండ ముదిరేకొద్దీ నీలంగా మారుతుంటాయి.

కర్నూలు, నంద్యాల, ఒంగోలు, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆంధ్ర వైపు అనువు. శ్రీశైలం–దోర్నాల దారిలో తుమ్మలబైలు దగ్గర జీపు సఫారీ ఉంది. ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల జంగిల్ క్యాంపులున్నాయి. గుడితో కలిపి అడవి చూడాలంటే తుమ్మలబైలు, అడవికోసమే వస్తే బైర్లూటి. ఇది నా లెక్క. బైర్లూటిలో రాత్రి నిశ్శబ్దం వేరుగా ఉంటుంది.

రెండో అడుగు: నెల ఎంచుకోండి

జూలై ఒకటి నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా కోర్ అడవిలో, అంటే రిజర్వు లోపలి భాగంలో, సఫారీలు మూసేస్తారు. వానకు దారులు పాడవుతాయి, జంతువులకూ అది ఒంటరిగా వదిలేయాల్సిన కాలం.

అక్టోబర్, నవంబర్‌లలో అడవి పచ్చగా, ఫొటోలకు అందంగా ఉంటుంది. కానీ పది అడుగుల అవతల ఏనుగంత జంతువున్నా కనిపించదు (నల్లమలలో ఏనుగుల్లేవు, మాట వరసకు అన్నాను). నల్లమల ఆకురాల్చే అడవి. నల్లమద్ది, చిరుమాను, అండుగు, తునికి, టేకు చలికాలం చివరికి బోడిగా నిలబడతాయి. అప్పుడే కన్ను లోపలికి పోతుంది. ఫిబ్రవరి చివర, మార్చిలో మోదుగులు పూసి గట్లంతా నిప్పంటుకున్నట్టుంటుంది. కొండగోగు పసుపుపచ్చగా విరబూస్తుంది. నన్నడిగితే మార్చి మొదటి రెండు వారాలకు మించిన సమయం లేదు.

ఏప్రిల్, మే నెలల్లో జంతువులు కనబడే అవకాశం ఇంకా ఎక్కువ. వాగులు ఎండిపోయి అన్నీ నీటి గుంటల చుట్టూ చేరతాయి. అటవీశాఖ నేలలో పళ్లెంలాంటి సిమెంటు తొట్లు కట్టి సోలార్ మోటార్లతో నింపుతుంది. వాటిని సాసర్ పిట్లు అంటారు. కానీ ఎండ మామూలుగా ఉండదు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే మే నెల వద్దు.

మూడో అడుగు: బుకింగ్, బ్యాగు

రెండు రిజర్వులకూ ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. శని, ఆదివారాల గదులు ముందే అయిపోతాయి, అందుకే మామూలు రోజు పెట్టుకోండి. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. బుక్ చేశాక ఒకసారి ఫోన్ చేసి ఫలానా రోజు సఫారీ నడుస్తోందా అని అడగండి. అడవి మంటల వల్లో, జాతర వల్లో, పులి పిల్లలతో తిరుగుతోందనో ఒక్కోసారి దారి మూసేస్తారు. ఒకసారి నేను ఆ ఫోన్ చేయకుండా వెళ్లి గేటు దగ్గర నుంచే తిరిగొచ్చాను. తప్పు నాదే.

సఫారీ ఉదయం మొదటి ట్రిప్పే అడగండి. ఎందుకో తర్వాత చెప్తాను.

బ్యాగులో పెద్దగా ఏం అక్కర్లేదు. మట్టి రంగు, ఆకుపచ్చ బట్టలు, టోపీ, స్టీలు బాటిల్‌లో నీళ్లు. అమ్రాబాద్‌లో వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు, చెక్‌పోస్ట్ దగ్గర తీయించేస్తారు. కెమెరా లేకపోయినా ఫర్వాలేదు గానీ బైనాక్యులర్ లేకుండా వెళ్లకండి. ఇంట్లో ఒక్కటే ఉంటే మెడలో అది ఎవరికి అన్న గొడవ ముందే తేల్చుకోండి. సెంటు కొట్టుకోకండి. డ్రోన్‌కు అనుమతి లేదు. మన్ననూరు దాటాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలు అచ్చంపేటలోనో దోర్నాలలోనో నింపుకోండి. స్టెప్నీలో గాలి చూసుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానో మీకు తెలుసు.

నాలుగో అడుగు: ఊరి పేర్లు చదవండి

ఇది ఏ బుకింగ్ సైట్‌లోనూ ఉండదు. నల్లమల మ్యాప్ ముందు పెట్టుకుని పేర్లు పైకి చదవండి. దోమలపెంట, ఈగలపెంట, రోళ్లపెంట. పెంట అంటే ఇక్కడ చెంచుల గూడెం. తుమ్మలబైలు అంటే తుమ్మచెట్లున్న బయలు, చెట్ల మధ్య గడ్డి తెరపి. దుప్పులు మేసేది అలాంటి చోటే. పేరులో బుగ్గ ఉంటే నీటి ఊట. గుండం అంటే ఎండాకాలంలోనూ నీళ్లు నిలిచే మడుగు. లొద్ది అంటే లోతైన లోయ. గుండ్ల బ్రహ్మేశ్వరం మెట్టలోలా పేరు చివర మెట్ట అని ఉంటే ఎత్తుమీది బల్లపరుపు నేల.

ఎక్కడ నీళ్లు, ఎక్కడ గడ్డి, ఎక్కడ నీడ ఉంటాయో ఆ పేర్లు పెట్టినవాళ్లు మనకు ముందే చెప్పి పెట్టారు. జంతువులకు కావలసిందీ ఆ మూడే. జీపు ఎక్కినప్పుడు "ఈ దారిలో బైలు ఎక్కడుంది, నీళ్లు ఎక్కడున్నాయి" అని గైడ్‌ను అడగండి. "పులి ఎక్కడుంది" అని రోజూ వంద మంది అడుగుతారు. మీ ప్రశ్న విన్నాక అతను మీతో మాట్లాడే తీరే మారుతుంది.

ఐదో అడుగు: రోడ్డు మీద

మన్ననూరు–శ్రీశైలం, దోర్నాల–శ్రీశైలం దారులు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు. శివరాత్రి లాంటి రోజుల్లో సడలింపు ఉంటుంది. ఆ తొమ్మిది గంటలు రోడ్డు జంతువులది. చీకటి పడ్డాక చల్లబడుతున్న తారు మీద పాములు వచ్చి పడుకుంటాయి. చిరుతలు మలుపుల్లో దాటుతాయి. పగలు కూడా ముప్పై, నలభై దాటకండి. మలుపు తిరగ్గానే ఎదురుగా పందుల మంద ఉంటే బ్రేకు పడాలి కదా.

కోతుల సంగతి. దేవుడి దారి కదా అని అరటిపళ్ల గెలలు కొనుక్కొచ్చి కారు కిటికీలోంచి విసిరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తిండి రోడ్డు మీద దొరుకుతుందని కోతులు అడవి వదిలి రోడ్డుకు వస్తాయి, పిల్లలతో సహా టైర్ల కింద పడతాయి. అది పుణ్యం ఎలా అవుతుంది? ఆ పళ్లు మీరే తినండి, తొక్కలు సంచిలో వేసుకోండి.

ఆరో అడుగు: సఫారీలో చెవులతో చూడండి

జీపు ఎక్కగానే అందరూ కళ్లు చికిలించుకుని పొదల్లోకి చూస్తారు. దట్టమైన అడవిలో కన్ను ముప్పై గజాలు పోతే గొప్ప. చెవి మాత్రం అర కిలోమీటరు పోతుంది. ఇంజిన్ ఆపించండి. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. ఈ ఐదు నిమిషాలకు ఒప్పించడం పులిని చూడటం కంటే కష్టం, ముఖ్యంగా వెనక సీట్లో బావగారుంటే.

పులి గానీ చిరుత గానీ కదిలితే అడవి ఊరుకోదు. మొదట కొండముచ్చు. చెట్టు చిటారు కొమ్మ మీద కాపలా కూర్చున్నది దగ్గినట్టు "ఖక్, ఖక్" అంటుంది. దానికి కింద దుప్పి "కుయ్" అని సన్నగా, తెగినట్టు జవాబిస్తుంది. ఈ రెండూ తరచూ కలిసే మేస్తాయి. కొండముచ్చు పైనుంచి రాల్చిన ఆకులు దుప్పి తింటుంది. దుప్పి ముక్కు, కొండముచ్చు కన్ను ఇద్దరికీ పనికొస్తాయి. నెమలి కూడా అరుస్తుంది గానీ నెమలి ఉరుముకీ అరుస్తుంది. తీతువు అయితే మనిషిని చూసినా, కుక్కను చూసినా, ఊరికే కూడా గోల చేస్తుంది. దాన్ని నమ్మి జీపు తిప్పకండి.

నమ్మాల్సింది కణుజును. సాంబార్ అంటారే, అదే. పెద్ద జింక, ముదురు గోధుమరంగు, మెడ కింద జూలు. అది ఊరికే అరవదు. వేటాడే జంతువును కళ్లారా చూస్తేనో, వాసన గట్టిగా తగిలితేనో రేకు డబ్బా మీద కొట్టినట్టు "ఢాంక్" అంటుంది. ఒకే చోటి నుంచి అది మళ్లీ మళ్లీ వినిపిస్తే గైడ్ ముఖం చూడండి, మీకే తెలుస్తుంది.

నాకు ఒక్కసారే అలా జరిగింది. తుమ్మలబైలు దగ్గర ఉదయం ఏడింటికి కణుజు అరుపులు. జీపు ఆపి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. అరుపు మెల్లగా ఎడమ నుంచి కుడికి జరిగింది. ఏదో ఒకటి మా ముందున్న వెదురు వెనక నుంచి నడిచి వెళ్లిపోయిందన్నమాట. ఒక్క ఆకు కదల్లేదు. మేం దాన్ని చూడలేదు, అది మమ్మల్ని చూసే ఉంటుంది. ఆ ఇరవై నిమిషాలు నాకింకా గుర్తే.

ఏడో అడుగు: తర్వాత నేల చూడండి

ఉదయం మొదటి ట్రిప్పు ఎందుకన్నానంటే ఇందుకే. పులి కూడా మనలాగే ముళ్లపొద కంటే మెత్తటి బండిదారినే ఇష్టపడుతుంది. రాత్రంతా నడిచిన జాడలు తెల్లవారేటప్పటికి దుమ్ములో అచ్చుగుద్దినట్టు ఉంటాయి. మొదటి రెండు జీపులు వెళ్లాక అన్నీ చెరిగిపోతాయి.

పాదముద్ర కనబడితే ముందు గోళ్ల గుర్తులు చూడండి. పులి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి నాలుగు వేళ్లు, వెనక పెద్ద మెత్త మాత్రమే పడతాయి. ఆ మెత్త వెనక అంచు మూడు పాయలుగా ఉంటుంది. వేళ్ల ముందు గోళ్లు గుచ్చుకుని ఉంటే అది కుక్క జాతి. రేచుకుక్క కావచ్చు, గూడెం కుక్కా కావచ్చు. ఐదు వేళ్లు, వాటికి బాగా ముందుగా పొడవాటి గోళ్ల గీతలుంటే ఎలుగుబంటి. వెనక పాదం మనిషి పిల్లవాడి కాలిలా ఉంటుంది, తొలిసారి చూస్తే ఉలిక్కిపడతారు. పులికీ చిరుతకీ తేడా సైజే. మగపులి అడుగు చతురస్రంగా, ఆడపులిది కొంచెం పొడుగ్గా ఉంటుందంటారు గానీ, వదులు ఇసుకలో ఈ లెక్క తప్పుతుంది.

ఎప్పటిది అన్నది ఇంకా సరదా. అంచులు పదునుగా ఉంటే కొత్తది. లోపల చీమలు దారి వేసుకున్నా, ఆకు రాలి పడినా, మంచుచుక్కల గుర్తులున్నా రాత్రి ఎప్పటిదో. దిగి చూడాలనిపిస్తుంది. గైడ్ దిగమంటేనే దిగండి.

ఒకప్పుడు పులుల గణన కూడా ఈ అడుగులతోనే చేసేవాళ్లు. అడుగు మీద గాజుపలక పెట్టి గీత గీసేవాళ్లు, ప్లాస్టర్‌తో అచ్చు పోసేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులన్నీ మాయమైపోయాయని 2005లో బయటపడ్డాక ఆ పద్ధతి మీద నమ్మకం పోయింది. ఇప్పుడు చెట్లకు కట్టిన కెమెరాలే లెక్క చెప్తాయి. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. దారిలో మోకాలెత్తున చెట్టుకు కట్టిన చిన్న పెట్టె కనబడితే అదే. చేయి ఊపకండి, ఎక్కడో ఆఫీసులో కూర్చుని వేల ఫొటోలు చూసే కుర్రాడు మీ ఫొటో కూడా చూడాలి.

ఎనిమిదో అడుగు: నడిచేచోట పులి కంటే ఎలుగును తలుచుకోండి

సఫారీ జీపులో భయం లేదు. మల్లెలతీర్థం జలపాతం మెట్లు దిగేటప్పుడు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లేటప్పుడు, శివరాత్రికో ఉగాదికో వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ఈ నడకదారులు అనుమతి ఉన్న రోజుల్లోనే. మిగతా రోజుల్లో కోర్ అడవిలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పులి మనిషి అలికిడి విని తప్పుకుంటుంది. ఎలుగుకు చూపు తక్కువ, తిండి ధ్యాస ఎక్కువ. పుట్ట తవ్వుతూనో, మార్చి–ఏప్రిల్‌లలో ఇప్పపూలు ఏరుకుంటూనో, ఎండల్లో తునికిపళ్లు తింటూనో మీరు దగ్గరకు వచ్చేదాకా గమనించదు. గమనించాక కంగారుపడి మీద పడుతుంది. అందుకే గుంపుగా నడవండి, మాట్లాడుకుంటూ నడవండి. "గోవిందా", "శివా" అని కేకలు వేస్తూ నడిచే మన యాత్రికుల అలవాటు ఇక్కడ భక్తికీ భద్రతకీ రెండింటికీ పనికొస్తుంది. తెల్లవారుజామున, పొద్దు గూకాక ఒంటరిగా పొదల్లోకి వెళ్లకండి. ఎదురుపడితే పరుగెత్తకండి, చూపు దాని మీదే ఉంచి మెల్లగా వెనక్కి జరగండి. సెల్ఫీ సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

తొమ్మిదో అడుగు: నీలి సాలీడు కోసం కాసేపు

ఈ అడవిలో, తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని జీవి ఒకటుంది, అది పులి కాదు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో ఒక పెద్ద సాలీడు దొరికింది. మెరిసే నీలం రంగు, కాళ్ల మీద పసుపు గుర్తులు. రైలెక్కి వచ్చిన దుంగల్లో చేరి వచ్చిందన్నమాట. గుత్తి చుట్టుపక్కల వెతికితే దొరకలేదు. వందేళ్లు దాటాక, 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. పొయిసిలోథీరియా మెటాలికా దాని శాస్త్రీయ నామం. పాత చెట్ల తొర్రల్లో బతుకుతుంది. చెట్టు కొడితే దాని ఇల్లు పోతుంది. అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. విచిత్రమేమిటంటే విదేశాల్లో పెంపుడు సాలీళ్లుగా దాని పిల్లల్ని అమ్ముకుంటుంటారు, గిద్దలూరులో చాలామందికి దాని సంగతే తెలియదు.

పచ్చర్ల వైపు వెళ్తే దాన్ని వెతుకుతూ తొర్రల్లో పుల్లలు పెట్టకండి. అలాంటి చిన్న జీవాల సంగతి తెలుసుకోవాలంటే శ్రీశైలం పక్కన సున్నిపెంటలో అటవీశాఖ జీవవైవిధ్య కేంద్రం ఉంది, గంట చాలు. మూషిక జింకను కూడా అడవిలో చూడటం దాదాపు అసాధ్యం. కుందేలంత ఉంటుంది, రాత్రే తిరుగుతుంది. హైదరాబాద్ జూలో పెంచినవాటిని 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు.

పదో అడుగు: మీ గైడ్ ఇంటివాడు, మీరు చుట్టం

సఫారీ గైడ్లు, బేస్ క్యాంపు వాచర్లలో చాలామంది చెంచులు. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లన్న అనీ, తమ ఆడపడుచును చేసుకున్న అల్లుడనీ చెప్పుకునేవాళ్లు. కాబట్టి "మీరు" అని పలకరించండి, అన్నా అనండి. పెంటల్లోకి పిలవకుండా వెళ్లి ఇళ్ల ముందు ఫొటోలు తీయకండి, పిల్లలకు చాక్లెట్లు పంచకండి. తేనె, తపసిబంక కొనాలనుంటే గిరిజన సహకార సంస్థ అంగట్లో కొనండి. ఏ చెట్టు ఏమిటో అడగండి. మీకు కనిపించేది అతను చూపించినంతే.

ఆఖరి అడుగు: తిరుగు ప్రయాణం

శ్రీశైలంలో సాయంత్రం దర్శనం లైను ఎప్పుడూ అనుకున్నదానికంటే పొడుగ్గానే ఉంటుంది. అవతలి చెక్‌పోస్ట్ తొమ్మిది లోపు దాటాలి, ఘాట్‌లో వేగంగా పోకూడదు. ఏడున్నరకు కూడా మీరు ఇంకా ప్రసాదం కౌంటర్ దగ్గరే ఉంటే లెక్కలు వేయకండి, ఆ రాత్రి సత్రంలో పడుకోండి. పొద్దున ఆరింటికి గేటు తీయగానే బయల్దేరితే రోడ్డు మీద మొదటి కారు మీదే అవుతుంది. వెనక సీట్లో వాళ్లను మాత్రం నిద్రపోనివ్వకండి.